లారీ గేటు హాజరు

మా మిర్చి కంపెనీకి గేట్లు రెండు. ఒకటి మనుషులది, ఒకటి లారీలది. మనుషుల గేటు దగ్గర పోయిన ఆగస్టులో ఒక కెమెరా పెట్టారు. దాని ముందు నిలబడితే ముఖం చూసి మనిషిని గుర్తుపడుతుంది. గుర్తుపడితే పచ్చ దీపం వెలుగుతుంది, "హాజరు నమోదైంది, ధన్యవాదాలు" అని ఒక ఆడగొంతు వినపడుతుంది. గుర్తుపట్టకపోతే ఎర్ర దీపం. అప్పుడు గొంతు ఉండదు. ఎర్ర దీపం పడ్డవాళ్ళను ఇంటికి తోలెయ్యాలని వాచ్‌మన్ భూపాల్‌కు చెప్పారు గాని, అతనికి మనసొప్పదు. లారీ గేటు తలుపు మూరెడు తెరిచి, "పో పో, పని చూస్కో పో. ఎల్లేశన్నకు నేను చెప్త" అని లోపలికి పంపిస్తాడు.

ఆ ఎల్లేశన్న నేనే. మానుకోట శివార్లలోని ఈ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా టైం ఆఫీసు గుమస్తాను. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు గాని మాకు మానుకోట అంటేనే మా ఊరన్నట్టు ఉంటుంది. జనగామ కాలేజీలో బీఏ చదివి, మంచి నౌకరీ దొరికేదాకా ఇక్కడ ఉందామని చేరాను. ఇంకా ఉన్నాను. భూపాల్ చెప్పిన పేర్లు చిట్టీల మీద రాసి సొరుగులో వేసేవాణ్ణి. శనివారం సేటు కొడుకు ప్రశాంత్ వచ్చి, కంప్యూటర్లో తన పాస్‌వర్డ్ కొట్టి ఆ హాజర్లు సరిచేసేవాడు. తర్వాత చిట్టీలు చింపేసేవాణ్ణి. ఎవరికీ నష్టం లేదు, ఎవరితోనూ మాట పడేది లేదు.

నా టేబుల్ మీద ఇంకో పుస్తకం ఉండేది. అట్ట మీద "కెమెరా గురించి ఫిర్యాదులు" అని రాసి ఉంటుంది. రోజూ పొద్దున్నే తారీఖు వేసి, పక్కన "నిల్" అని రాసి సంతకం పెడతాను. ఎనిమిది నెలల నిల్‌లు. ఇది నాకు కొత్త విద్య కాదు. ప్రమాదాల పుస్తకం, మంటల పుస్తకం, తాగునీళ్ళ పుస్తకం, ఏది తెరిచినా నా చేతిరాత నిల్లే. పుస్తకంలో ఏదైనా రాస్తే తనిఖీకి వచ్చినవాడు చదవాలి, చదివితే అడగాలి, అడిగితే నేను చెప్పాలి. నిల్ అని ఉంటే ఆయన చాయ్ తాగి బండెక్కుతాడు, నేను ఇంటికి పోతాను. తప్పు రాయని పుస్తకమే మంచి పుస్తకమని నాకు పనిలో చేరినప్పుడు నేర్పారు. నేను కూడా ఇద్దరు ముగ్గురికి నేర్పాను.

ఫిబ్రవరిలో ప్రశాంత్ ఒక లావుపాటి ఫైలు పట్టుకొచ్చాడు. మా సేటు గోపాల్ గారిది జనగామ. అక్కడ పత్తి మిల్లు, ఇక్కడ మిర్చి, భూపాలపల్లిలో బొగ్గుబాయి ఊళ్ళకు కారంపొడి పసుపు పంపే గోదాం. మూడు చోట్లా ఇదే కెమెరా. మా మిర్చి కొనే విదేశాల వాళ్ళు ఈమధ్య కొత్త ప్రశ్న మొదలుపెట్టారట. మీ దగ్గర ఏఐతో ఏమేం చేయిస్తున్నారు, దాన్ని అదుపులో పెట్టేదెవరు అని. దానికి దేశదేశాల వాళ్ళు కూర్చొని ఒప్పుకున్న ప్రమాణం ఒకటి ఉందట. ఐఎస్‌ఓ నలభై రెండు వేల ఒకటి. ఆ సర్టిఫికెట్ ఉంటే మాట ముందుకు సాగుతుందట.

"ఎల్లేశ్, గిండ్ల ఒక మనిషి పేరు రాయాలె," అన్నాడు ప్రశాంత్. "యంత్రం తప్పు చేస్తే జవాబు చెప్పేటోడు."

"యంత్రం తెచ్చింది మీరు గద బాబూ."

"నేను మేనేజ్‌మెంటు. నాది వేరే పేజీల ఉన్నది. సైటు మీద ఉండేటోడు కావాలె."

"నాకు యాభై నాలుగేండ్లు. మోకాళ్ళు వంగుతలేవు. ఏఐ అంటే నాకేం తెల్సు?"

"తెల్వకుంటెనే మంచిది. ఆడిటర్ ముంగట ఎక్కువ మాట్లాడవు."

అట్లా మూడు ఊళ్ళ కెమెరాలకూ జవాబుదారుగా నా పేరు ఎక్కింది. జీతం ఎక్కలేదు. సంతకం పెట్టినవాణ్ణి గనక మధ్యాహ్నాలు ఫైలు ముందేసుకొని చదివేవాణ్ణి. ఇంగ్లీషు బరువుగా ఉంది గాని లోపలి విషయం అంత బరువైనది కాదు. ఈ యంత్రం వల్ల ఎవరికి దెబ్బ తగలొచ్చో ముందే ఆలోచించారా? దెబ్బ తగిలినవాళ్ళు వచ్చి ఎవరికి చెప్పుకోవాలి? దాని మాటను కాదనే అధికారం ఏ మనిషికి ఉంది? జరిగింది జరిగినట్టు రాశారా? మా అవ్వ అంగట్లో కొత్త ఎద్దును బేరమాడేటప్పుడు ఇవే అడిగేది. ఎవర్ని పొడుస్తది, పొడిస్తే పట్టేదెవరు, ఇదివరకు ఎంతమందిని పొడిచిందో నిజం చెప్పు అని.

మార్చిలో ప్రశాంత్ ఇంకో మాట చెప్పిపోయాడు. "ఆడిట్ ఏప్రిల్ మొదటి గురువారం. అప్పటిదాక చేతితోని ఒక్క కరెక్షన్ పడొద్దు. రిపోర్టు అద్దం లెక్క ఉండాలె."

"మరి చిట్టీలు?"

"సొర్గులనే ఉండనీ. ఆడిట్ అయినంక ఒక్కటేపారి ఎక్కిద్దం."

సరే అన్నాను. సరే అనడం కూడా నాకు ఇరవై రెండేళ్ళ అలవాటే.

తుల్సీబాయి మా దగ్గర పదకొండేళ్ళుగా మిర్చి తొడిమలు తీస్తున్నది. మూడు కిలోమీటర్ల అవతలి తండా ఆమెది. పెనిమిటి మోతీలాల్ భూపాలపల్లి వైపు బొగ్గు లారీ నడిపేవాడు. మార్చి రెండో వారంలో చెల్పూర్ దాటాక చెట్టు నీడన బండి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకొని పడుకున్నాడు. క్లీనర్ చాయ్ తెచ్చి లేపితే లేవలేదు. గుండె అన్నారు దవాఖానలో. ఇంట్లో ఇక మిగిలింది తుల్సీబాయి, కళ్ళు కనపడని ఆమె అత్త.

పన్నెండు రోజుల సెలవు నేనే రాశాను. పదమూడో నాడు ఆమె పనికి వచ్చి కెమెరా ముందు నిలబడింది. ఎర్ర దీపం.

వాళ్ళ తండాలో పెళ్ళయిన ఆడవాళ్ళకు రెండు చెంపల పక్కన జుట్టుకు వెండి ఘుగ్రీలు వేలాడుతుంటాయి. పెద్ద పెద్దవి, గుత్తులు గుత్తులుగా. పెనిమిటి పోతే తీసేస్తారు, మళ్ళీ పెట్టుకోరు. ఆగస్టులో ఫోటోలు తీసినప్పుడు తుల్సీబాయి ముఖంలో సగం ఆ వెండే. ఇప్పుడు వెండి లేదు, చెంపలు పీక్కుపోయాయి, కొంగు నుదుటిదాకా దిగింది. ఆ పొద్దున ఆమె కిటికీ దగ్గరికొచ్చి "సారూ" అంటే నాకే ఒక్క క్షణం ఎవరో తెలియలేదు. మరుక్షణం తెలిసింది. ఆ మరుక్షణం కెమెరాకు లేదు.

భూపాల్ లారీ గేటు తెరిచాడు. నేను చిట్టీ రాసి సొరుగులో వేశాను. అదే పెన్నుతో పుస్తకంలో నిల్ రాశాను. అట్లా పది పనిరోజులు. రోజూ ఆమె పొద్దుగూకేదాకా కూర్చొని బుట్టలకు బుట్టలు తొడిమలు తీసింది. కెమెరా లెక్కలో మాత్రం ఆమె ఒక్క రోజు కూడా రాలేదు.

వరుసగా పది రోజులు రాని మనిషి పేరు దానంతటదే జాబితాలోంచి పోతుందన్న సంగతి నాకు తెలియంది కాదు. శనివారం శనివారం సరిచేస్తుండడం వల్ల ఎన్నడూ పదిదాకా రాలేదు. అందుకే గుర్తు లేదు. ఆమెను ఇంటికి తోలేసి ఉంటే మొదటిరోజే గొడవయ్యేది, గొడవైతే ఎవరో ఒకరు సరిచేసేవారు. భూపాల్ జాలిపడి తలుపు తీశాడు, నేను జాలిపడి చిట్టీ రాశాను. మా ఇద్దరి జాలీ కలిసి ఆమె పేరు కొట్టేసింది.

బుధవారం పొద్దున సంగీత నా కిటికీ ముందుకొచ్చింది. తొడిమల షెడ్డుకు మేస్త్రి ఆమె, తుల్సీబాయి తండానే. నోరు పెద్దది.

"ఎల్లేశ్ సారూ, గోడ మీది లిస్టుల మా యాడి పేరేది?" యాడి అంటే వాళ్ళ భాషలో తల్లి. తుల్సీబాయిని అట్లనే పిలుస్తుంది. "నిన్నటిదాక ఉన్నది. ఎలుకలు తిన్నయా?"

కంప్యూటర్ చూశాను. పేరు లేదు. పదకొండేళ్ళ నంబరు కూడా లేదు. కొత్తగా చేర్చుకుందామని పుట్టిన తారీఖు కొట్టి చూశాను. నలభై ఐదు దాటినవాళ్ళను కొత్తగా తీసుకోవద్దని దానికి ముందే చెప్పి పెట్టారు. ఆధార్ ప్రకారం తుల్సీబాయికి యాభై ఒకటి. అంటే పాత మనిషిగా లేదు, కొత్త మనిషిగా రాలేదు.

"ఏమైంది సారూ? తెల్లమొఖం ఏసినవ్?"

"జర ఆగు తల్లీ. ఫోన్ చేస్త."

ప్రశాంత్ జనగామలో ఉన్నాడు. నేను చెప్పేదాకా ఆమె ఎవరో అతనికి తెలియదు. పాత ఫోటోలో నగలున్నాయి, ఇప్పుడు లేవని విని హుషారుగా అన్నాడు. "గింతేనా? కొట్టేసిన పేరు మూడు రోజుల్లోపట మొఖం కలిస్తె మళ్ళ దానంతటదే తెరుచుకుంటది. రేపు పొద్దుగాల ఆ నగలు పెట్టుకొని నిలబడుమను. పచ్చదీపం పడ్తది. చేతితోని ఏం ముట్టుకునే పనిలేదు."

"బాబూ, ఆమె మొగడు పోయిండు. అవి పెట్టుకోరు."

"ఒక్క నిమిషం ఎల్లేశ్. గుడికి పోయి పెట్టుకోమంటున్ననా? కెమెరాకే గద. ఇంకో ముచ్చట, లారీ గేటుకెల్లి వచ్చే మిగిలినోళ్ళు ఎంతమంది?"

"ఆరుగురు."

"వాళ్ళను రేపు రావద్దను. ఆడిటర్ మేడం హైదరాబాద్ నుంచి రైలుకు వస్తది, సాయంత్రం పోతది. ఒక్క దినం."

నాలుగింటికి షెడ్డులోకి పోయాను. ఏప్రిల్ ఎండకు రేకులు కాలిపోతున్నాయి, కింద మిర్చి ఘాటు. తొంభై మంది ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకొని కూర్చున్నారు. తుమ్మని మనిషి లేదు. తుల్సీబాయి మూలన ఉంది. ఇంకా పని చేస్తూనే ఉంది.

"తుల్సీబాయీ, ఒక మాట."

"పేరు పోయింది గద. సంగీత చెప్పింది." చేతులు ఆపలేదు.

"వస్తది. ఒక దారున్నది." నేల చూస్తూ చెప్పాను. "రేపు పొద్దుగాల ఘుగ్రీలు పెట్టుకొని కెమెరా ముంగట నిలబడితే అది గుర్తుపడ్తదట. పేరు ఎక్కుతదట."

పక్కనున్న సంగీత చేతిలోని బుట్ట కింద పడేసింది. "ఏందీ? సారూ, కారం నెత్తికెక్కిందా? మీ ఇంట్ల ఆడోళ్ళకు గిట్లనే చెప్తవా? మొగడు సచ్చినంక మళ్ళ పుస్తె కట్టుకొని ఫోటో దిగిరాపో అంటవా?"

"నేనన్న మాట కాదు. ప్రశాంత్ బాబు..."

"నోరు నీదే గద!"

చుట్టుపక్కల చేతులన్నీ ఆగిపోయాయి. తుల్సీబాయి చేతులు మాత్రం ఆగలేదు. తొడిమ తుంచడం, కాయ ఇటు, తొడిమ అటు. నాలుగైదు కాయలయ్యాక తల ఎత్తి, ఏదో బస్సు టైం అడిగినట్టు అడిగింది.

"ఒక్కనాడేనా సారూ, రోజూనా?"

ఎల్లుండి మళ్ళీ ఎర్ర దీపమే అని అప్పుడు తట్టింది నాకు. ఆమె లెక్క వేసుకున్నది, నేనూ ప్రశాంతూ వేసుకోలేదు.

"ఆడిట్ అయినంక కొత్త ఫోటో తీస్తరు."

"ఎన్నడు?"

"తీస్తరు."

ఆమె నన్ను చూసి తల ఊపింది. నమ్మినట్టు కాదు, నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని. "పెట్టుకుంట తియ్. నౌకరి కావాలె గద," అన్నది.

మిగిలిన ఆరుగురికి రేపు రావద్దని చెప్పాలి. చెప్పలేదు. ధైర్యం వచ్చి కాదు. ఆ రోజుకు ఆ ఒక్క మాటతోనే నాలో ఉన్న బలమంతా అయిపోయింది.

గురువారం ఏడింటికే వచ్చాను. భూపాల్ చాయ్ తాగుతూ లారీ గేటు వైపు కళ్ళతో చూపించాడు. అక్కడ ఖాళీ లారీ ఒకటి నిలబడి ఉంది. దాని వెనక తుల్సీబాయి గోడ వైపు తిరిగి కూర్చున్నది. సంగీత ఆమె జుట్టుకు ఘుగ్రీలు కడుతున్నది. తండా వాళ్ళెవరూ చూడకుండా తన పైట అడ్డం పట్టుకొని, ఒంటి చేత్తో కడుతున్నది. ముడి పడటంలేదు. నిన్న అంత నోరు చేసిన మనిషి ఇవాళ ఒక్క మాట అనడంలేదు. ఒక వైపు కట్టడం అయిపోయింది. రెండోది తుల్సీబాయి ఒళ్ళో పాత రుమాలు మీద ఉంది.

నాకు మోకాళ్ళ నొప్పి, చాతనైనంత గబగబా నడిచాను.

"ఇప్పు. తల్లీ, ఇప్పు. అక్కర్లేదు."

"మళ్ళ ఏమైంది సారూ?" సంగీత గొంతులో కోపం లేదు, విసుగు మాత్రం ఉంది. "పెట్టుకోమంటివి, తియ్యమంటివి. ఏదో ఒకటి జెప్పు."

"తియ్యి. లోపలికి పొండ్రి, పని చేసుకోండ్రి. నేను చూస్త."

"నువ్వేం చూస్తవ్?" అన్నది తుల్సీబాయి. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. "నా పేరు పోతె?"

"పోతె నా పేరు గూడ పోతది. ఇద్దరం కల్సి పోదం," అన్నాను. నవ్వలేదు ఎవరూ.

టైం ఆఫీసులోకి పోయి పుస్తకం తీశాను. నిల్ రాయవలసిన చోట ఇట్లా రాశాను: తుల్సీబాయి, తొడిమల షెడ్డు. భర్త చనిపోయి నగలు తీసేసినందున కెమెరా గుర్తించలేదు. పది రోజులు పని చేసింది. హాజరు పడలేదు. పేరు పోయింది. కింద మిగిలిన ఆరుగురి పేర్లు, ఎవరెవరికి ఎందుకు ఎర్ర దీపం పడిందో రాశాను. తండ్రి దినాలకు కాళేశ్వరంలో గుండు చేయించుకొచ్చిన హమాలీ చందు. పిప్పిపన్ను నొప్పికి సగం ముఖం ఉబ్బిన ఎల్లవ్వ. కంట్లో కారం పడి కట్టు కట్టుకున్న దీప. ఇట్లా. చివర, ఇవి ఏ రోజుకారోజు రాయవలసినవి, నేను రాయలేదు అని సంతకం పెట్టాను. పేజీ నిండింది. ఎనిమిది నెలల్లో నా చేతిరాత అంత పొడుగ్గా చూడడం అదే మొదలు.

ఆడిటర్ ప్రసన్న మేడం పదిన్నరకు వచ్చింది. నలభై దాటి ఉంటుంది. రైల్లో సీటు దొరకలేదట, కాళ్ళు వాచి ఉన్నాయి. వారంలో నాలుగో కంపెనీ అట మాది. ప్రశాంత్ కాజూ బిస్కెట్లు పెట్టాడు. ఆమె నీళ్ళు మాత్రం తాగి, "ఫిర్యాదుల పుస్తకం," అన్నది.

పేజీలు తిప్పుతున్నది. నిల్, నిల్, నిల్. తిప్పేకొద్దీ ఆమె ముఖం ఇంకా అలసిపోయింది. చివరి పేజీ దగ్గర ఆగింది. ఆమె భుజం మీదుగా ప్రశాంత్ కూడా చదివాడు. చదివి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

"ఇది ఎప్పుడు రాసిండ్రు?" అని అడిగింది.

"ఇయ్యాల పొద్దుగాల."

"నేనొస్తున్ననని రాసిండ్రా?"

"కాదు మేడం. మీరొస్తరని ఇన్ని రోజులు రాయలే."

ప్రశాంత్ అందుకున్నాడు. "చిన్న విషయం మేడం, ఎల్లేశ్‌కు పెద్దవయసు, జర గాబరా పడ్డడు. గిది మేం ఐదు నిమిషాలల్ల..."

"కెమెరా లెక్క ప్రకారం ఇప్పుడు లోపల ఎందరున్నరు?"

ప్రశాంత్ ఫోన్లో చూశాడు. "రెండు వందల ముప్పై ఒకటి."

ఆమె వాచిన కాళ్ళను మళ్ళీ చెప్పుల్లో దూర్చి లేచింది. "పదండి, లెక్కపెడదాం."

కారం షెడ్డు, తొడిమల షెడ్డు, గోదాం, హమాలీలు, అన్నీ తిరిగాం. తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ వేలితో ఒక్కొక్క తలా లెక్కపెట్టింది. రెండు వందల ముప్పై ఎనిమిది. ఏడుగురు ఎక్కువ. ఆమె గోడకు ఆనుకొని నిలబడింది.

"మాది భూపాలపల్లి," అన్నది, ఎవరినీ చూడకుండా. "మా బాపు బొగ్గుబాయిల పనిచేసిండు. లోపలికి దిగేముందు ప్రతోడూ తన నంబరు బిళ్ళ పైన పలకకు తగిలించి పోవాలె. కప్పు కూలితె పలక చూస్తరు. పలక మీద బిళ్ళ ఉన్నోని కోసమే వెతుకుతరు." ప్రశాంత్ వైపు తిరిగింది. "మీ షెడ్డుల ఎండు మిర్చి, గోనెసంచులు, రేకులు. రేపు నిప్పంటుకుంటె రెండు వందల ముప్పై ఒక్కరు బయటికి రాంగనే అందరొచ్చిండ్రని తలుపు మూస్తరు. మీ కెమెరా గదే చెప్తది."

ప్రశాంత్ ఫోన్లో ఆ అంకెను మళ్ళీ చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. నిన్నటిదాకా ఆ ఏడుగురి గురించి అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవాణ్ణి నేనే.

తిరిగి ఆఫీసులో కూర్చొని ఆమె గంటసేపు రాసింది. సర్టిఫికెట్ ఇప్పుడు లేదు. పెద్ద లోపం ఒకటి. మూడు నెలల్లో సరిచేసి చూపించాలి. ఎర్ర దీపం పడితే మనిషి చూసి హాజరు వేసే పద్ధతి పెట్టాలి, ఆ అధికారం టైం ఆఫీసుకు ఇవ్వాలి. పేరు కొట్టేసే ముందు ఒక మనిషి అడిగి తెలుసుకోవాలి.

"కెమెరా తప్పు చేసిందని కాదు నేను రాసేది," అన్నది ప్రశాంత్‌తో. "ఏ కెమెరా అయినా చేస్తది. పుస్తకంల ఏడు తప్పులుండి, పక్కన ఎట్ల సరిచేసిండ్రో ఉంటె నేను సంతకం పెట్టిపోదును. ఎనిమిది నెలల నిల్ మీద ఎవరు పెడ్తరు?" తర్వాత నాతో అన్నది, "జనగామ, భూపాలపల్లి యూనిట్లకు కూడ మీ పేరే ఉంది గదా? అక్కడ గూడ తలలు లెక్కపెట్టి నాకు పంపాలె."

"ఎప్పటిలోపట మేడం?"

"వచ్చే వారం."

సోమవారం జనగామ రైలు, బుధవారం భూపాలపల్లి బస్సు. నా మోకాళ్ళు అప్పుడే నొప్పి మొదలుపెట్టాయి.

మధ్యాహ్నం సేటు ఫోన్ వచ్చింది. గోపాల్ సేటు అరవడు. అరిస్తే బాగుండేది. "ఇరవై రెండేండ్లు మా ఉప్పు తిన్నవ్ ఎల్లేశ్," అన్నాడు మెల్లగా.

ఉప్పు సంగతేమో గాని కారం మాత్రం తిన్నాను, ముక్కుతో, కళ్ళతో. ఆ మాట పైకి అనలేదు. "తప్పయింది సేటు, మొదటిరోజే రాయాల్సింది," అన్నాను. ఆయన అడిగిన తప్పు అది కాదు. ఫోన్ పెట్టేశాడు. రేపటి నుంచి నా కుర్చీ ఉంటుందో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కాగితాల్లో జవాబుదారు పేరు మార్చాలంటే మళ్ళీ ఆడిటర్‌కు కారణం రాయాలి. అదొక్కటే నాకున్న దన్ను.

సాయంత్రం రైలుకు ముందే తుల్సీబాయి పేరు ఎక్కినట్టు తన కళ్ళతో చూసి పోతానన్నది ప్రసన్న మేడం. మూడింటికి ప్రశాంత్ కంప్యూటర్ ముందు కూర్చొని పాస్‌వర్డ్ కొట్టాడు. పాత నంబరు, పదకొండేళ్ళు, అన్నీ తిరిగొచ్చాయి. పోయిన పది రోజుల హాజరు నేను చెప్తుంటే అతను ఎక్కించాడు. తుల్సీబాయి గోడ ముందు స్టూలు మీద కూర్చున్నది, పక్కన సంగీత నిలబడింది. కొత్త ఫోటో తీయాలి.

"కొంగు జర ఎనకకు అను," అన్నాడు ప్రశాంత్. తర్వాత ఏమనుకున్నాడో, "అను అమ్మా," అన్నాడు.

ఆమె కొంగు వెనక్కి జరిపింది. కెమెరా మినుకుమన్నది. తెర మీద రెండు ముఖాలు పక్కపక్కన వచ్చాయి. పాతది తీసేసి కొత్తది ఉంచాలా అని అడుగుతున్నది. ప్రశాంత్ వేలు మీట మీదికి పోయింది.

"జర ఆగు బాబూ," అన్నది తుల్సీబాయి. లేచి తెర దగ్గరికి వచ్చింది. పాత ముఖాన్ని చూస్తున్నది. "గిది ఏం జేస్తవ్?"

"తీసేస్త. ఇంక పనికి రాదు గద."

"నాకియ్యరాదు? గవి పెట్టుకొని ఫోటో దిగలే నేనెన్నడు. పెండ్లప్పుడు గూడ దిగలే."

ప్రశాంత్ ఆడిటర్ వైపు చూశాడు. ఏది అడగాలన్నా ఆ రోజు అందరూ ఆమె వైపే చూస్తున్నారు. "ఆమె మొఖం ఆమెకిస్తె తప్పేమున్నది? ఇచ్చినట్టు సంతకం తీసుకొని తర్వాత తీసేయండి," అన్నది, బ్యాగు సర్దుకుంటూ.

ప్రింటర్‌లో రంగు లేదు. తెల్లకాగితం మీద వెండి నల్లగా పడింది. తుల్సీబాయి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. చాలాసేపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"గప్పుడు గూడ నవ్వలే సూడు," అన్నది సంగీతతో. కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకున్నది. వేలిముద్ర వేసి, "పోత సారూ, ఇంక రెండు బుట్టలున్నయ్," అని బయటికి నడిచింది.

జరిగింది పుస్తకంలో రాయడానికి పెన్ను తీశాను. తలుపు దగ్గర ఇంకా ఆరుగురు వరుసగా నిలబడి ఉన్నారు. ముందు చందు. బోడి తల మీద బియ్యపు గింజంత వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"ఎల్లేశన్నా, ఇప్పుడు ఫోటో దిగితె, జుట్టు పెరిగినంక మళ్ళ దిగాల్నా?"

"దిగాలె."

"మళ్ళ నువ్వు రాయాల్నా?"

"రాయాలె. కూసో," అన్నాను.